వేలు లేపిన నేరం

ఇరవై రెండేళ్లు నేను విశాఖ ఓడరేవులో క్రేన్ల ముందు నిలబడ్డాను. నా కళ్లముందు నుంచి ఇనప చుట్టలు గాల్లోకి లేచాయి, గ్రానైటు దిమ్మలు లేచాయి, ఒకసారి ఏకంగా ఓ పొక్లెయినే లేచింది. నా ఒంటిమీద గీత కూడా పడలేదు. అలాంటివాణ్ని ఒక ఆదివారం పొద్దున్న జాలరిపేటలో కిలోన్నర కోనం చేప పడగొట్టింది.

బేరం అయిపోయింది. చేపను సంచిలో వేయించుకుని, సంచి పిడి కుడిచేతి బొటనవేలికి తగిలించుకుని, గొప్ప పని సాధించినవాడిలా వెనక్కి తిరిగాను. పొలుసులూ ఐసు నీళ్లూ కలిసి పారుతున్న చోట కాలేశాను. కాలు ఒకవైపు పోయింది, నేను ఇంకోవైపు పోయాను. చెయ్యి నేలకు ఆనించి నిలదొక్కుకుందామనుకుంటే సంచి పిడి వేలిని వెనక్కి లాక్కుపోయింది. టక్కుమని చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. చేపలమ్మే ఆవిడ కూర్చున్నచోటి నుంచే కంగారుపడింది.

"అయ్యో, సేప సూసుకోండి బాబూ! మట్టిలో పడిపోనాది!"

చేప బాగానే ఉంది. బొటనవేలి మొదట్లో ఎముక చిట్లిందని, కీలును పట్టి ఉంచే లిగమెంటు తెగినంత పనైందని డాక్టరు చెప్పాడు. ఆరు వారాలు కట్టు. ఆ కోనాన్ని మా ఆవిడ పులుసు పెట్టింది. నేను ఎడమచేత్తో స్పూనుతో తిన్నాను. ముళ్లున్న చేపను స్పూనుతో తినే అవస్థ పగవాడికి కూడా వద్దు.

నా ఉద్యోగం గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే ఒక్క వేలికి ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది. నేను సిగ్నల్‌మ్యాన్‌ని. ఓడ ఆగి సరుకు ఎక్కించుకునే బెర్త్ మీద క్రేన్ ఆపరేటరు పైన అద్దాల గదిలో ఎక్కడో కూర్చుంటాడు. కింద సరుకు దగ్గర ఏం జరుగుతోందో అతనికి సరిగ్గా తెలియదు. నేను కింద నిలబడి చేతులతో చెప్తాను, అతను చేస్తాడు. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే కొక్కెం పైకి. అరచెయ్యి నిలువుగా చూపిస్తే ఆగు. చెయ్యి చాచి, పిడికిలి బిగించి బొటనవేలు పైకి లేపితే జిబ్ పైకి, కిందికి దించితే జిబ్ కిందికి. జిబ్ అంటే క్రేన్‌కుండే పొడవాటి ఇనప చెయ్యి. అంటే ఆ ఇనప చెయ్యి లేవాలంటే ముందు నా బొటనవేలు లేవాలి.

వాకీటాకీలు వచ్చి చాలా కాలమైంది. కానీ సముద్రపు గాలిలో, ఓడ ఇంజను మోతలో వాటిలోంచి గరగర తప్ప మాట సరిగా రాదు. పాతవాళ్లం చేతులనే నమ్ముకున్నాం.

పైన కూర్చునే ఆపరేటరుకూ నాకూ చుట్టరికం ఏమీ లేదు. అయినా మేం ఒకళ్లనొకళ్లం బావా అనుకుంటాం. మా వైపు మగవాళ్లు ఇద్దరు నాలుగుసార్లు కలిసి టీ తాగితే బావలైపోతారు. కాబట్టి ఇక్కడ కూడా అతన్ని బావ అనే రాస్తాను. శ్రీకాకుళం వైపు పల్లెటూరి రైతు కుటుంబం. ఇరవై ఏళ్ల పైగా క్రేన్ ఎక్కుతున్నా ఇప్పటికీ మబ్బు పడితే క్యాబిన్‌లోంచి తల బయటపెట్టి మడిలో నారు గురించి దిగులుపడతాడు. రిటైరవడానికి అతనికి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఇన్నేళ్లలో నేను ఎత్తమన్నది ఎత్తాడు, ఆపమన్నది ఆపాడు. నా జీవితంలో నా మాట మారుమాట్లాడకుండా ఎవరైనా విన్నారంటే ఆ క్రేన్ ఒక్కటే. ఇంట్లో సంగతి చెప్పక్కర్లేదు.

కట్టు విప్పిన వారానికి కంపెనీ డాక్టరు దగ్గరికి వెళ్లాను, మళ్లీ డ్యూటీలో చేరడానికి. పిడికిలి బిగించమన్నాడు. బిగించాను. బొటనవేలు పైకి లేపమన్నాడు. లేపాను. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"లేపండి," అన్నాడు.

"లేపేశానండీ," అన్నాను.

ఇద్దరం కాసేపు ఆ వేలి వంక చూశాం. అది అరచేతికి అతుక్కుపోయి, పక్కింటివాళ్లతో మాటలు మానేసిన మనిషిలా ముఖం తిప్పుకుని ఉంది.

ఆయన చెడ్డవాడు కాదు. రెండు నెలలు గడువిచ్చాడు. ఫిజియోథెరపీ చేయించుకుని రమ్మన్నాడు. "అప్పటికీ ఇలాగే ఉంటే గేటు డ్యూటీకి రాయాల్సిందే. నేను రాయకపోయినా సేఫ్టీ వాళ్లు ఒప్పుకోరు," అన్నాడు.

నాకు గేటంటే భయం. దాచుకోవడమెందుకు, చాలా భయం. గేటు దగ్గర మనిషి కుర్చీలో కూర్చుంటాడు. లారీ వస్తే పాసు చూస్తాడు, బటన్ నొక్కుతాడు, అడ్డకర్ర లేస్తుంది. లారీ వెళ్లిపోతుంది. ఆ డ్రైవరు సాయంత్రం ఇంటికెళ్లాక గేటు దగ్గర మనిషి ఉన్నాడా, లేక ఉత్త కుర్చీయేనా అని అడిగితే చెప్పలేడు. మా దగ్గర నడుం పట్టేసినవాళ్లనీ, కళ్లు మందగించినవాళ్లనీ అక్కడికి పంపుతారు. అక్కడి నుంచి వెనక్కి వచ్చినవాణ్ని నేను చూడలేదు.

ఫిజియోథెరపీ క్లినిక్ కంచరపాలెంలో మా ఇంటికి రెండు వీధుల అవతల, ఒక మందుల షాపు పైన ఉంది. గూడ్సు రైలు వెళ్లినప్పుడల్లా అక్కడ బల్లమీద పెట్టిన గిన్నెలో నీళ్లు వణుకుతాయి. ఫిజియోథెరపిస్టు పాతిక ముప్పై మధ్య వయసున్న అమ్మాయి. మొదటి మాటే "అంకుల్" అంది. నలభై టన్నుల ఇనుమును వేలిమీద ఆడించినవాణ్ని. ఏం చేస్తాం, ఆ వేలే ఆమె చేతిలో ఉంది.

ఆమె చెప్పిన పనులు వింటే నాకు నవ్వొచ్చింది. చెయ్యి పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో పెట్టాలి. తర్వాత బల్లమీద చెయ్యి పక్కకు తిప్పి ఆనించి, బొటనవేలిని మెల్లగా ఇంటికప్పు వైపు లేపాలి, అయిదు లెక్కపెట్టాలి, మెల్లగా దించాలి. వేలి కొసను వరసగా మిగిలిన నాలుగు వేళ్ల కొసలకూ తాకించాలి. చివరికి చిటికెన వేలి మొదలు దాకా జార్చాలి. గ్లాసు చుట్టూ చెయ్యి పెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం సాగేలా ఉంచాలి. ఇదంతా రెండు గంటలకోసారి.

"లాగినట్టు అనిపించాలి అంకుల్. నొప్పి రాకూడదు. నొప్పి వస్తే ఆపేయండి."

నొప్పి రాకుండా పని ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. ఓడరేవులో పెరిగిన బుర్ర నాది. ఏదైనా కదలకపోతే మాకు తెలిసిన వైద్యం ఒక్కటే, ఇంకో నలుగుర్ని పిలవడం. ఈ అమ్మాయి పుస్తకాల చదువు చదివింది, పాపం, బరువులెత్తడం ఏం తెలుస్తుంది అనుకున్నాను. వారం రోజులు ఆమె చెప్పినట్టే చేశాను. వేలు బియ్యపుగింజంత కదిలింది. ఎనిమిదో రోజు నా సొంత తెలివి నిద్రలేచింది.

మా ఆవిడ కూరగాయలకు వెళ్లిన సమయం చూసి, సుతిలి తాడు తెచ్చి బొటనవేలికి ఉచ్చు వేశాను. మామూలు ఉచ్చు కాదు, సరుకు కట్టడానికి మేం వేసే ముడి, లాగినకొద్దీ బిగుస్తుంది. రెండో కొస కిటికీ ఊచకు కట్టాను. వెనక్కి వాలాను. మనిషి బరువంతా వేలిమీద వేస్తే ఎంతసేపు మొండికేస్తుందో చూద్దామని. అది మొండికేయలేదు. నేనే అరిచాను. ముడి విప్పుదామంటే ఎడమచేత్తో రాలేదు, ఎందుకంటే నేను చాలా బాగా కట్టాను. మా ఆవిడ తిరిగొచ్చేసరికి ఊచకు కట్టేసిన దూడలా కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను.

ఆమె బెండకాయల సంచి కింద పెట్టి, కూరలు తరిగే కత్తి తెచ్చి తాడు తెగ్గోసింది. తర్వాత అంది.

"ఇరవయ్యేళ్లు ఆ క్రేనోడికి మెల్లగా, మెల్లగా అని సెయ్యి సూపించినారు కదా. మీ ఏలికి సెప్పడం రాదేటి?"

మా సిగ్నళ్లలో మెల్లగా అనడానికి కూడా ఒక పద్ధతుంది. ఒక చెయ్యి సిగ్నల్ ఇస్తుంటే రెండో అరచేతిని దాని మీద కదలకుండా పట్టుకోవాలి. పెళ్లయిన కొత్తలో గొప్పగా అవన్నీ ఆమెకు చూపించాను. ఏ రోజు ఏది పనికొస్తుందోనని ఆమె అన్నీ దాచిపెట్టుకుంది.

వేలు వంకాయలా వాచింది, రంగుతో సహా. క్లినిక్‌లో ఆ అమ్మాయి దాన్ని చూసి, తాడు గురుతు చూసి, నా ముఖం చూసింది.

"అంకుల్, మీ క్రేన్ వైరు ఎక్కడైనా ఇరుక్కుంటే ఏం చేస్తారు? ఇంకా గట్టిగా లాగుతారా?"

"లాగితే తెగిపోదూ? ముందు వదులు ఇస్తాం. వదులిచ్చి, మెల్లగా..." అన్నాను. అని ఆగిపోయాను.

"మరి?" అంది.

వాపు తగ్గడానికే రెండు వారాలు పోయాయి. నాకున్న గడువులో నా చేతుల్తో నేనే పావు వంతు తగలేసుకున్నాను. ఆ తర్వాత మాత్రం ఆమె మాట తు.చ. తప్పలేదు. ఫోనులో రెండు గంటలకోసారి అలారం పెట్టుకున్నాను. అలారం మోగితే ఎక్కడుంటే అక్కడే. పెందుర్తి బస్సులో నిలబడి వేలు లేపాను, కండక్టరు 'సరే' అనుకుని రైట్ రైట్ అన్నాడు. మా వీధి చివర ఒకాయన గోడకు ఎవరూ భరించలేని ఆకుపచ్చ రంగు వేయించుకుంటుంటే ఆ ఎదురుగా నిలబడి వేలు లేపాను. ఆయన పొంగిపోయి, "నువ్వొక్కడివే బాగుందన్నావు," అని లోపలికి పిలిచి టీ ఇచ్చాడు. అన్నిటికంటే అన్యాయం పరామర్శకు వెళ్లిన ఇంట్లో జరిగింది. పెద్దాయన పోయి మూడో రోజు. కొడుకు ఆఖరి ఘడియల సంగతి చెప్తున్నాడు. అలారం మోగింది. తువ్వాలు చాటున చేద్దామనుకున్నాను. తువ్వాలు జారింది. ఆసుపత్రిలో నాన్న ప్రాణం ఎలా పోయిందో అతను చెప్తుండగా ఎదురుగా నా బొటనవేలు పైకి లేచి, అయిదు లెక్కపెడుతూ ఉంది. ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ నన్ను పలకరించరు.

అయినా వేలు దారికొస్తోంది. పెసరగింజంత, శనగగింజంత. చూపుడువేలు కొసను తాకింది. ఇంకో నాలుగు రోజులకు మధ్యవేలు. ఉంగరపు వేలును తాకిన రోజు ఆ ఫిజియోథెరపిస్టు అమ్మాయి చప్పట్లు కొట్టింది. నాకు సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది. వెచ్చగా ఉంటే వేలు లేస్తుంది. చల్లబడితే మాత్రం మళ్లీ అలిగి కూర్చుంటుంది. "కొన్నాళ్లు అలాగే ఉంటుంది, కంగారు పడకండి," అని రిపోర్టు రాసిచ్చింది.

కంపెనీ డాక్టరు చూడటానికి ఇంకా రెండు రోజులుందనగా ఆ రిపోర్టు ఇవ్వడానికి మా బెర్త్ ఆఫీసుకు వెళ్లాను. కాగితం ఇచ్చి తిన్నగా ఇంటికి రావచ్చు. రాలేదు. ఒక్కసారి క్రేన్ చూసిపోదామని లోపలికి నడిచాను. హెల్మెట్ ఉంది, పాత పాసు ఉంది, ఆపినవాడు లేడు.

ఓడకు ఇనప చుట్టలు ఎక్కిస్తున్నారు. నా చోట ఇంకో గ్యాంగు నుంచి తెచ్చిన సిగ్నల్‌మ్యాన్ ఉన్నాడు, నా వయసువాడే. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, రెండో చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. జేబులో చెయ్యి! నాకు ఒళ్లు మండింది. పైన క్యాబిన్‌లో బావ. కిందినుంచి అతని హెల్మెట్ పసుపు చుక్కలా కనబడుతోంది. కాళ్లు వాటంతట అవే నన్ను షెడ్డు మూల పసుపు గీత దగ్గరికి, నేను ఎప్పుడూ నిలబడే చోటికి తీసుకెళ్లి నిలబెట్టాయి. ఖాళీ కొక్కెం ఓడ మీది నుంచి తిరిగొచ్చి ట్రెయిలర్ పైన ఆగింది. కొత్త సిగ్నల్‌మ్యాన్ ఆగమన్నాడు.

నా జేబులో అలారం మోగింది.

ఆ క్షణంలో నేను సిగ్నల్‌మ్యాన్‌ని కాదు, రోగిని. ఒట్టేసి చెప్తాను. ఆనించుకోవడానికి బల్ల లేదు కాబట్టి చెయ్యి చాచాను. పిడికిలి బిగించాను. బొటనవేలు లేపాను. ఒకటి, రెండు, మూడు దాకా వచ్చానో లేదో, పైన జిబ్ లేవడం మొదలుపెట్టింది.

కొక్కెం ఊగింది. ట్రెయిలర్ క్యాబిన్‌కు తగిలి పక్కనున్న పెద్ద అద్దాన్ని ఊడగొట్టుకుపోయింది. డ్రైవరు బయటికి దూకి, క్రేన్‌నూ, క్రేన్ కనిపెట్టినవాణ్నీ కలిపి తిట్టాడు. కొత్త సిగ్నల్‌మ్యాన్ ఈల ఊదుతున్నాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను మాత్రం చాచిన చెయ్యి అలాగే పెట్టుకుని, మనిషినా దిష్టిబొమ్మనా అన్నట్టు నిలబడిపోయాను. నాలుగు లెక్కపెట్టడం మర్చిపోయాను.

గంటలో అందరం సేఫ్టీ ఆఫీసరు గదిలో ఉన్నాం. నన్నెవరూ పిలవలేదు. తలుపు దగ్గర నిలబడ్డాను.

"నేను ఆగమన్నాను సార్. ఎత్తమన్లేదు," అన్నాడు కొత్త సిగ్నల్‌మ్యాన్. అది నిజం.

"మరి జిబ్ ఎందుకు లేపావు?" అని ఆఫీసరు బావను అడిగాడు.

"సిగ్నల్ వచ్చింది సార్."

"ఎవరిచ్చారు?"

బావ నేల చూశాడు. "సిగ్నల్ వచ్చింది సార్," అన్నాడు మళ్లీ. నా వైపు కన్నెత్తి చూడలేదు. అప్పుడు నాకు విషయం తెలిసింది. సిగ్నల్ లేకుండా క్రేన్ కదిపినట్టు రాస్తే అతన్ని క్రేన్ దించేస్తారు. రిటైరవడానికి ఏడాదిన్నర ఉన్న మనిషి. నా పేరు చెప్తే నా ఫిట్‌నెస్ పోతుంది, ఆ సంగతి అతనికి తెలుసు. అందుకే చెప్పడం లేదు.

ఇక్కడ నేను వెంటనే ముందుకు దూకానని రాస్తే బాగుండేది. దూకలేదు. రెండు రోజుల్లో డాక్టరు చూస్తాడు, పసుపు గీత దగ్గరికి మళ్లీ వచ్చేస్తాను, ఈ గొడవ ఎలాగో సర్దుమణుగుతుంది అని ఓ నిమిషం పాటు నాకు నేను చెప్పుకున్నాను. ఆఫీసరు పెన్ను తీశాడు. బావ చేతిలో హెల్మెట్ తిప్పుతున్నాడు. ఆ చేతుల్ని చూశాక ఇక నావల్ల కాలేదు.

"నాను ఇచ్చేను సార్," అన్నాను. కంగారులో చదువుకున్న తెలుగు పోయి ఇంటి తెలుగు వచ్చేసింది. వ్యాయామం సంగతీ, అలారం సంగతీ మొత్తం చెప్పాను.

ఆఫీసరు నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు మెడికల్ లీవులో ఉన్నావు కదా, వేలు పనిచేయట్లేదని?"

"ఇప్పుడు పనిచేత్తంది సార్."

"ఏదీ, చూపించు."

ఆ గదిలో ఏసీ గంటన్నర నుంచి ఆడుతోంది. చెయ్యి చాచి పిడికిలి బిగించి లేపాను. వేలు సగం లేచి ఆగింది. వణికింది. ఆఫీసరు నవ్వాడు.

"ఇదా సిగ్నల్? దీన్ని చూసి ఎవడైనా జిబ్ ఎత్తుతాడా? ఫ్రెండుని కాపాడ్డానికి వచ్చావా?" బావ వైపు తిరిగాడు. "సిగ్నల్ లేకుండా ఎత్తావని రాస్తున్నా."

నా తలరాత కాకపోతే ఏమిటి. ఇన్నాళ్లూ వేలు పనిచేస్తుందని డాక్టరును నమ్మించడం కోసం కష్టపడ్డాను. ఇప్పుడు నేరం చేయగలిగేంత బాగా పనిచేస్తుందని నమ్మించాలి. బలవంతంగా లాగి లేపేద్దామనుకున్నాను. కిటికీ ఊచ గుర్తొచ్చింది. ఆగాను.

"సార్, ఓ టీ తెప్పించండి," అన్నాను. "వేడిగా."

తన కోసం అప్పుడే వచ్చిన గ్లాసును ఆఫీసరే నా వైపు తోశాడు, ఏం చేస్తానో చూద్దామని కాబోలు. నేను తాగలేదు. చెయ్యి గ్లాసు చుట్టూ పెట్టి, వేళ్ల మధ్య చర్మం సాగేలా పట్టుకున్నాను. సేఫ్టీ ఆఫీసు మొత్తం నేను ఒక గ్లాసును పట్టుకోవడం చూస్తూ కూర్చుంది. కొంతసేపటికి గ్లాసు పక్కన పెట్టి వేలిని చూపుడువేలికి తాకించాను. మధ్యవేలికి. ఉంగరపు వేలికి. చిటికెన వేలును అది అంతవరకూ తాకలేదు. ఆ పూట తాకింది. అక్కడ చప్పట్లు కొట్టేవాళ్లు లేరు.

లేచి నిలబడి చెయ్యి చాచాను. ఎదురుగా బావ ఉన్నాడు. పిడికిలి బిగించి, ఎక్కడా గుంజకుండా, లేపాను. వేలు లేచింది. నిటారుగా, ఇంటికప్పు వైపు. అయిదు కాదు, పది లెక్కపెట్టాను.

"ఇదే సార్," అన్నాడు బావ వెంటనే. "ఇలగే లేసింది. నాను సూసేను."

ఆఫీసరు రాసుకున్నాడు. బావ తప్పు లేదని తేలింది. మర్నాడు నాకు మెమో వచ్చింది. మెడికల్ లీవులో ఉన్న ఉద్యోగి అనుమతి లేకుండా పనిచోటుకు ప్రవేశించి, కుడి బొటనవేలు పూర్తిగా పైకి లేపి, స్పష్టంగా, ఎటువంటి అనుమానానికీ తావు లేకుండా జిబ్ సిగ్నల్ ఇచ్చినట్టు రుజువైనది అని ఉంది. నా వేలు గురించి అంత బాగా ఎవరూ రాయలేదు. క్లినిక్ అమ్మాయి రిపోర్టులో కూడా 'కొంత మెరుగు' అనే ఉంది.

కంపెనీ డాక్టరు నా వేలు పట్టుకోనే లేదు. మెమో కాపీ చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఫిట్ అని సంతకం పెట్టాడు. అదే కాగితం పట్టుకుని కింద ఆఫీసుకు వెళ్తే ఇంకో కాగితం ఇచ్చారు. ఇకమీదట ఈ ఉద్యోగిని సిగ్నల్ పనిలో ఉంచరాదు, రెండో నంబరు గేటుకు పంపడమైనది. వేలు బాగైతే క్రేన్, బాగవకపోతే గేటు అనుకున్నాను. రెండూ ఒకేసారి వస్తాయని నాకు తట్టలేదు.

గేటుకు వెళ్లి మూడు వారాలైంది. బటన్ చూపుడువేలితో నొక్కుతారు. బొటనవేలితో అక్కడ పనేమీ లేదు.

మొన్న షిఫ్టు దిగాక బావ గేటు బయట టీ కొట్టు దగ్గరికి వచ్చాడు. ఇద్దరం బల్లమీద కూర్చున్నాం. నేను చిటికెన వేలి మొదటికంటా బొటనవేలు జార్చి చూపించాను. అతను చాలాసేపు చూశాడు.

"బాగైపోనాది," అన్నాడు. తర్వాత గ్లాసులోకి చూస్తూ, "ఓ మాట సెప్తే కోప్పడవు కదా బావా?"

"సెప్పు."

"అంతెత్తు నుంచి ఏలు అవుపడదు."

నేను అతని వంక చూశాను.

"ఎప్పుడూ అవుపళ్లేదు. గ్లౌజులేసుకున్న సెయ్యి, అంత దూరం. ఏలు లేసిందో లేదో ఎవడికి తెలస్తాది? నాను నీ బుజం సూత్తాను. జిబ్బు ఎత్తమనే ముందల నీ కుడి బుజం పిసరంత ఎగరేత్తావు. తల కూసింత ఎనక్కి పెడతావు. ఇన్నేళ్లూ అదే సూసి ఎత్తేను. ఆ రోజు కూడా అంతే."

"మరి ఆఫీసులో ఏలు సూసేనన్నావు?"

"ఆళ్లు ఏలు గురించే అడిగేరు కదా. బుజం సూసి ఎత్తీసేనంటే రాసుకుంతారేటి?"

టీ కొట్టువాడు గ్లాసులు కడుగుతున్నాడు. నాకు ముందు కోపం వచ్చింది. కట్టు విప్పిన మర్నాడే, వేలు అరచేతికి అతుక్కుని ఉండగానే, నేను వెళ్లి ఆ పసుపు గీత దగ్గర నిలబడి ఉంటే సరిపోయేది. ఆ సంగతి ఈ లోకంలో ఒక్కడికే తెలుసు. వాణ్ని ఎవరూ అడగలేదు. డాక్టరు అడగలేదు, సేఫ్టీ ఆఫీసరు అడగలేదు, నేనూ అడగలేదు. ఆ తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు కాదు, ఇంకొకటి వచ్చింది, ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఇరవై రెండేళ్లు ఒక మనిషి నా భుజం కదలికను అంత శ్రద్ధగా చూశాడు. మా ఆవిడ కూడా చూసి ఉండదు.

"ఇప్పుడెవరి బుజం సూత్తన్నావు?" అని అడిగాను.

"ఎవడి బుజమూ నేదు బావా. సెవిలో ఏటి సెప్తే అది సేత్తన్నాను."

పని ఎలా సాగుతోందని నేను అడగలేదు. నా కుర్చీలో కూర్చుంటే షెడ్ల కప్పుల మీదుగా జిబ్ కొస కనిపిస్తుంది. అది రోజంతా లేస్తూనే ఉంది, సమంగా, కుదుపు లేకుండా. నేను లేకపోయినా బాగానే లేస్తోంది. నాకు కష్టంగా ఉన్నది అదొక్కటే.